విదేశంలో పల్లె సంస్థలపై పరిశోధన ఇంటర్న్‌షిప్: గోదావరి డెల్టా విద్యార్థి ఏ దేశం ఎంచుకోవాలి?

ఏటా సంక్రాంతి సెలవులు ముగిసి కాలేజీ తెరిచిన వారంలోనే ఇద్దరు ముగ్గురు విద్యార్థులు నా గదికి వస్తారు. ఎమ్మే ఆర్థికశాస్త్రమో, గ్రామీణాభివృద్ధో, వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరమో చదువుతుంటారు. "మాస్టారూ, ఈ వేసవికి విదేశంలో రీసెర్చి ఇంటర్న్‌షిప్ చేద్దామనుకుంటున్నానండి. పల్లెటూళ్ల సంఘాల మీదండి. ఏ దేశమైతే బాగుంటుందండి?" అని అడుగుతారు. నేను వెంటనే జవాబు చెప్పను. "మీ ఊరి నీటి సంఘం ఆఖరుసారి ఎప్పుడు కూర్చుంది?" అని ఎదురు అడుగుతాను. అయినవిల్లి నుంచి వచ్చినవాళ్లయినా, ఆచంట నుంచి వచ్చినవాళ్లయినా చాలామందికి ఆ సంగతి తెలియదు. వాళ్లను చిన్నబుచ్చాలని అడిగే మాట కాదది. దేశాన్ని ఎంచుకునే పద్ధతి ఆ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం.

పల్లె సంస్థ అంటే గోడకు వేలాడే బోర్డూ కాదు, తాళం వేసిన గదీ కాదు. పదిమంది ఒకచోట కూర్చుని ఒక మాట అనుకుని, ఆ మాటను మర్నాడు పొలం గట్టు మీద నిలబెట్టుకోవడానికి చేసుకున్న ఏర్పాటే సంస్థ. మనకు దొరికే ఇంటర్న్‌షిప్ సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. ఆ వారాల్లో ఆ సంఘం ఒక్కసారి కూడా కూర్చోకపోతే మీరు రాసుకొచ్చేది సంఘం గురించి కాదు, సంఘం గురించి జనానికి గుర్తున్న కబుర్ల గురించి. కాబట్టి దేశం పేరూ విశ్వవిద్యాలయం పేరూ చూసేముందు రెండు సంగతులు చూడాలి. మీరు అక్కడ ఉండే రోజుల్లో ఆ సంఘం పనిచేస్తూ ఉంటుందా? వాళ్లు మాట్లాడుకునేది మీకు, పూర్తిగా కాకపోయినా, అందుతుందా?

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. విద్యార్థిగా ఉన్నప్పుడు ఐరోపాలోని ఒక విశ్వవిద్యాలయంలో పది వారాల అవకాశం దొరికింది. జూన్ నెలాఖరులో దిగాను. నన్ను రమ్మన్న ప్రొఫెసరు జూలై రెండో వారంలో సెలవు మీద వెళ్లిపోయారు, నేను చూడవలసిన గ్రామ మండళ్లన్నీ వేసవి విరామంలో ఉన్నాయి. గ్రంథాలయంలో కూర్చుని పాత నివేదికలు చదివాను. పల్లెను చూసింది ఒక్కసారే, అదీ బస్సు కిటికీలోంచి. చివర్లో మందపాటి కాగితం మీద ధ్రువపత్రం ఇచ్చారు, అది ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ ఊళ్లో ఆ మండలి సెప్టెంబరులో కూర్చుంటుందన్న ఒక్క ముక్క ముందే అడిగి ఉంటే నేను ఆ ఏడు దరఖాస్తు చేసేవాణ్నే కాదు.

ముందు ప్రశ్న, తర్వాత దేశం

మన డెల్టా నుంచి వెళ్లే విద్యార్థికి ఒక సౌలభ్యం ఉంది. ప్రశ్న కోసం వెతుక్కోనక్కర్లేదు, ఇంటి వెనకే ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆనాటి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు ప్రధాన కాలువల్లోకి, అక్కడినుంచి లాకులు దాటి పిల్ల కాలువల్లోకి, చివరికి బోదెల్లోకి వస్తోంది. కాలువ తల దగ్గర ఉన్న రైతు సార్వాకు నారుమడి పోసి ఊడ్పులకు సిద్ధమయ్యే నాటికి శివారు రైతు ఇంకా తూము వైపు చూస్తూనే ఉంటాడు. ఈ తేడాను సరిదిద్దడానికే 1997లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకు అప్పగించే చట్టం వచ్చింది. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రమంతటా పదివేల పైచిలుకు నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. తర్వాత ఆ సంఘాలు ఏళ్ల తరబడి ఎన్నికలు లేక ఉండిపోయి, 2024 డిసెంబరులో మళ్లీ కొత్త కార్యవర్గాలు వచ్చాయి. ఆ చట్టంలో కౌలుదారుకూ చోటుంది, అయితే అతని కౌలు రికార్డుకెక్కి ఉండాలి. నోటిమాట మీద నడిచే కౌళ్లే ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో దాని అర్థమేమిటో నేను వివరించనక్కర్లేదు.

ఇది నీరు వచ్చే దారికి సంబంధించిన ప్రశ్న. నీరు పోయే దారిది రెండో ప్రశ్న. మురుగు కాలువల్లో గుర్రపుడెక్క పేరుకుపోయి, తుపాను వానకు చేలు వారం రోజులు మునిగి ఉంటే ఆ మురుగు కాలువ ఎవరిది, ఎవరు బాగుచేయాలి అన్నది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో గిట్టుబాటు ధరతోపాటు ఇదీ ఉంది. మూడోది డబ్బు దారి: డ్వాక్రా సంఘాలు, సహకార పరపతి సంఘాలు. ఈ మూడింటిలో మీది ఏదో తేల్చుకోండి. మొదటిదైతే నేపాల్, బాలీ, శ్రీలంకల్లో ఒకటి. రెండోదైతే నెదర్లాండ్స్. మూడోదైతే బంగ్లాదేశ్.

నేపాల్

నీరు వచ్చే దారి మీద పనిచేయాలనుకునే వారికి నేను ముందుగా చెప్పేది నేపాలే. విదేశం అంటే విమానం ఎక్కాలి అనుకునే తల్లిదండ్రులకు ఈ మాట చప్పగా ఉంటుంది. "నేపాలా మాస్టారూ, దానికి ఇంటర్న్‌షిప్ ఎందుకండీ, యాత్రకెళ్లినట్టు ఉంటుంది" అని ఒక తండ్రిగారు నాతోనే అన్నారు. కాని పల్లె సంస్థల మీద ప్రపంచంలో జరిగిన మంచి పనిలో పెద్ద భాగం అక్కడి కాలువల మీద జరిగింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న తొలి మహిళ ఎలినార్ ఆస్ట్రమ్, అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి నేపాల్ పరిశోధకులతో కలిసి అక్కడి కాలువల వివరాలు ఏళ్ల తరబడి సేకరించారు. రాళ్లూ కొమ్మలూ మట్టీ అడ్డంపెట్టి రైతులే నడుపుకునే కాలువలు, కాంక్రీటు ఆనకట్టతో ప్రభుత్వ శాఖ నడిపే కాలువల కన్నా శివారుకు నీరందించడంలో మెరుగ్గా ఉన్నాయని ఆ లెక్కల్లో తేలింది.

దీనికి వాళ్లు చెప్పిన కారణం మన డెల్టా విద్యార్థి చెవిన గట్టిగా పడవలసినది. కొమ్మలతో కట్టిన అడ్డుకట్ట వరద వచ్చినప్పుడల్లా కొట్టుకుపోతుంది. దాన్ని మళ్లీ కట్టాలంటే ఎగువ రైతులు ఒక్కరి వల్ల కాదు, శివారు రైతులు కూడా పలుగూ పారా పట్టుకుని రావాలి. రావాలంటే వాళ్లకు నీరు చేరుతూ ఉండాలి. అందుకని ఎగువ రైతు దిగువ రైతుకు నీరు వదలక తప్పదు. శాశ్వతంగా ఆనకట్ట కట్టిచ్చాక ఎగువ రైతుకు శివారు రైతు చేతులతో పని లేదు, శివారుకు నీరు వదలవలసిన అవసరమూ తగ్గుతుంది. ఇది చదివాక ధవళేశ్వరం వైపు ఒకసారి చూడండి. ఆనకట్ట వద్దని ఎవరూ అనరు, దాని వల్లే మనం అన్నం తింటున్నాం. కాని కాటన్ దొర విగ్రహానికి దండ వేసే చేతులతోనే, 1852 తర్వాత ఎగువ దిగువ రైతుల మధ్య ఏ అవసరం పోయిందో రాసుకోవడం కూడా మన పనే.

ఇప్పుడు నేను మొదట చెప్పిన రెండు కొలతలు పెట్టి చూద్దాం. మొదటిది కాలం. మన పరీక్షలు ఏప్రిల్, మే నెలల్లో ముగుస్తాయి. నేపాల్‌లో వానకు ముందు కాలువల పూడికతీత, దాని వెనకే వరినాట్లు సాగుతాయి. వాళ్ల అసార్ నెల 15వ రోజును, అంటే మనకు జూన్ నెలాఖరున, వరి దినంగా దేశమంతటా జరుపుకుంటారు. మే మూడో వారంలో దిగినవాళ్లు ఎవరు ఎంతమంది కూలీలను పంపాలి, రానివాళ్లకు జరిమానా ఎంత, నీటి వంతు ఎవరితో మొదలవ్వాలి అన్న తగాదాలన్నీ కళ్లారా చూస్తారు. మన సెలవులకూ వాళ్ల పనికీ ఇంత చక్కగా జత కుదిరే చోటు నాకు మరొకటి తెలియదు.

రెండోది భాష. హైస్కూల్లో హిందీ చదివిన మన పిల్లలకు దేవనాగరి లిపి వచ్చు, కాబట్టి సంఘం తీర్మానాల పుస్తకం కూడబలుక్కుని అయినా చదవగలరు. కాలువను వాళ్లు కులో అంటారు. ఒక చిన్న హెచ్చరిక: ఆ పుస్తకాల్లో తేదీలు విక్రమ సంవత్సరంలో ఉంటాయి, మన లెక్కకు సుమారు 57 ఏళ్లు ముందుంటాయి. దీన్ని గమనించక మా విద్యార్థి ఒకడు ఒక తీర్మానాన్ని అర్ధ శతాబ్దం పైగా భవిష్యత్తులోకి నెట్టేశాడు.

చోటు విషయానికొస్తే, బుట్వల్ దగ్గర తినావు నది మీద ఉన్న ఛత్తీస్ మౌజా పేరు పొందిన కాలువ వ్యవస్థ. ఆ పేరుకు అర్థమే 36 ఊళ్లు. వేల ఎకరాల మాగాణి, తెరాయి అనే దక్షిణ మైదానపు సమతల నేల, వరి. డెల్టా మనిషికి అక్కడి పొలం పరాయిగా అనిపించదు. విజయవాడ మీదుగా గోరఖ్‌పూర్ వెళ్లే రైలెక్కి, అక్కడినుంచి సునౌలీ దగ్గర సరిహద్దు దాటితే బుట్వల్ ఎంతో దూరం కాదు. భారతీయులకు వీసా అక్కర్లేదు, మన రూపాయికి వాళ్లది ఒకటి అరవై. అయితే వీసా అక్కర్లేదు కదా అని ఊరికే వెళ్లి ఊళ్లో కూర్చోవడం తగదు. ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయం నుంచో, పరిశోధన సంస్థ నుంచో లేఖ తీసుకుని, పాలిక అనే స్థానిక ప్రభుత్వ కార్యాలయంలో ముందు కలవాలి. 2015 రాజ్యాంగం తర్వాత నేపాల్‌లో 753 స్థానిక ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. వాటిలో చిన్న తగాదాలు తీర్చే న్యాయిక సమితికి ఆ పాలిక ఉపాధ్యక్షులో, ఉపమేయరో నాయకత్వం వహిస్తారు. మన గ్రామ సచివాలయంతో పోల్చుకోవడానికి ఇది కూడా మంచి విషయమే.

బాలీ

ఇండోనేషియాలోని బాలీ ద్వీపంలో రైతుల నీటి సంఘాలను సుబాక్‌లంటారు. అవంటే పిల్లలకు మోజు ఎక్కువ, ఫొటోలు అలా ఉంటాయి మరి. 2012లో యునెస్కో ఆ మెట్ల పొలాలనూ నీటి గుళ్లనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ద్వీపంలో సుమారు 1,200 సుబాక్‌లున్నాయి. ఒక నీటి వనరు కింద 50 నుంచి 400 మంది దాకా రైతులు ఉంటారు. పెద్దను పెకసెహ్ అంటారు, కట్టుబాట్ల పత్రాన్ని అవిగ్ అవిగ్ అంటారు. ఏ ఊరు ఎప్పుడు నాట్లు వేయాలి, ఎప్పుడు బీడు పెట్టాలి అన్నది గుడి పంచాంగంతో ముడిపడి ఉంటుంది. 1970ల్లో హరిత విప్లవం పేరుతో ఎవరికి వారు ఏడాది పొడుగునా వరి వేయమని ప్రభుత్వం చెబితే పంచాంగం తప్పింది, పురుగూ తెగులూ విరుచుకుపడ్డాయి. అందరూ ఒకేసారి కోసి ఒకేసారి బీడు పెడితే పురుగుకు తిండి ఉండదన్నది గుడి పూజారులకు తెలిసిన లెక్క. దాన్ని తర్వాత స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవశాస్త్రజ్ఞుడు కంప్యూటర్ నమూనాతో నిరూపించాడు.

అక్కడ నేను చూసిన వస్తువు ఒకటి చెబుతాను. ఒక సదస్సుకు వెళ్లినప్పుడు పొలాల్లోకి తీసుకెళ్లారు. కాలువకు అడ్డంగా ఒక దుంగ పడుకోబెట్టి ఉంది, దాని మీద గాట్లు చెక్కి ఉన్నాయి. ఒక గాటు జానెడు వెడల్పు, రెండోది రెండు జానలు, ఇంకోటి జానెడే. నీరు ఆ గాట్ల మీదుగా మూడు పాయలై దిగుతోంది. కాలువలో నీరు పెరిగినా తగ్గినా ముగ్గురి వాటాలూ అదే నిష్పత్తిలో పెరుగుతాయి, తగ్గుతాయి. కాపలా లేదు, గేటు లేదు, తాళం లేదు. దారిన పోయేవాడెవడైనా ఒక్క చూపులో తేడా కనిపెట్టగలడు. నాకు వెంటనే మా ఊరి తూము గుర్తొచ్చింది. దానికి ఇనుప తలుపు ఉంది, తాళం ఉంది, తాళంచెవి కాలువ కాపలా చూసే లస్కరు దగ్గర ఉంది. అయినా తెల్లారేసరికి దిగువ తూములో గోనెసంచీ, గడ్డీ కుక్కి ఉంటాయి. ఎవరు కుక్కారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

ఇంత ముచ్చటగా చెప్పి కూడా మొదటిసారి వెళ్లేవారికి నేను బాలీని సిఫారసు చేయను. కారణం అనుమతి. విదేశీయులు ఇండోనేషియాలో పరిశోధన చేయాలంటే ఆ దేశపు జాతీయ పరిశోధన సంస్థ బ్రిన్ నుంచి అనుమతి పత్రం ఉండాలి. పర్యాటక వీసా మీద వెళ్లి ఊళ్లో ప్రశ్నావళి పట్టుకు తిరగడం చట్ట విరుద్ధం. అక్కడి విశ్వవిద్యాలయమొకటి భాగస్వామిగా ముందుకు రావాలి. డెన్‌పసార్‌లోని ఉదయన విశ్వవిద్యాలయం సుబాక్‌ల మీద చాలాకాలంగా పనిచేస్తోంది, అడగవలసిన మొదటి చోటు అదే. ఈ తతంగానికి నెలలు పడుతుంది కాబట్టి, జనవరిలో అనుకుని మేలో వెళ్లడం సాగే పని కాదు.

భాష కూడా అనుకున్నంత తేలిక కాదు. ఇండోనేషియా భాష రోమన్ లిపిలో ఉంటుంది, క్రియలకు కాలం మారదు, మనకు తెలిసిన మాటలు బోలెడు తగులుతాయి. ఊరిని వాళ్లు దేశ అంటారు, ఊరి పెద్ద కెపాల దేశ. కాని సుబాక్ సమావేశం జరిగేది బాలీ భాషలో, అందులోనూ పెద్దా చిన్నా బట్టి మాటలు మారే మర్యాద భాషలో. దుబాసీ లేకుండా అందులో కూర్చోవడం వృథా. ఇక మనకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఇంకొకటి. గుడి, పూజ, వరి దేవత దేవీ శ్రీ, నైవేద్యం చూడగానే "అచ్చం మనలాగే" అనిపిస్తుంది. అనిపించిన క్షణం నుంచి ప్రశ్నలు అడగడం మానేస్తాం. నేపాల్‌లోనూ ఈ ప్రమాదం ఉంది గాని ఇంత లేదు.

అన్నీ కుదిరితే మాత్రం కాలం మీకు అనుకూలమే. అక్కడ నాట్లు ఊరూరికీ వేరువేరు వారాల్లో పడతాయి, కొన్ని సుబాక్‌లు వాళ్ల 35 రోజుల నెలకొకసారి కూర్చుంటాయి. పది వారాలుంటే రెండు సమావేశాలు చూడవచ్చు. పీహెచ్‌డీ ఉద్దేశం ఉన్నవారికి, ఏడాది ముందు నుంచి ఉత్తరాలు నడపగల ఓపిక ఉన్నవారికి బాలీ మంచి ఎంపిక.

శ్రీలంక దగ్గరే ఉంది, అక్కడి గల్ ఓయ సాగునీటి పథకం కథ గొప్పది. 1980ల మొదట్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం, కొలంబోలోని వ్యవసాయ పరిశోధన శిక్షణ సంస్థ కలిసి చదువుకున్న యువకులను ఊళ్లలో ఉంచి, కాలువ పాయల వారీగా రైతు బృందాలు ఏర్పడేలా చేశాయి. నీటి ఎద్దడిలో ఎగువ సింహళ రైతులు దిగువ తమిళ రైతులకు నీరు వదిలిన సందర్భాలున్నాయి. చిక్కల్లా కాలంతోనే. అక్కడ అసలు చూడవలసింది 'కన్న', అంటే పంటకాలపు, సమావేశం. అధికారుల సమక్షంలో రైతులందరూ కూర్చుని నీరు ఎప్పుడు వదలాలి, ఎప్పుడు కట్టేయాలి, ఏ పంట వేయాలి అని తేల్చుకుంటారు. మన దగ్గర కలెక్టరు అధ్యక్షతన జరిగే సాగునీటి సలహా మండలి సమావేశం చేసే పనే ఇది, తేడా ఏమిటంటే అక్కడ రైతు స్వయంగా లేచి మాట్లాడతాడు. యాల పంటకు ఇది వేసవి మొదట్లో, మహా పంటకు సెప్టెంబరు, అక్టోబరుల్లో జరుగుతుంది. మే నుంచి జూలై దాకా వెళ్లినవారికి రెండూ దొరకవు. సెమిస్టరు మధ్యలో కాలేజీ సెలవిస్తే, తమిళం కాస్త వస్తే, అప్పుడు శ్రీలంక. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ ప్రధాన కార్యాలయం కొలంబో దగ్గరే ఉంది, కాఠ్మాండూలోనూ దానికి కార్యాలయం ఉంది. విద్యార్థులు ఆ రెండు చోట్లకూ రాసి చూడాలి.

మురుగు ప్రశ్న, డబ్బు ప్రశ్న

నెదర్లాండ్స్ కూడా డెల్టాయే, సముద్రమట్టానికి దిగువన ఉన్న నేలల డెల్టా. అక్కడ నీటి పాలనకు వాటర్‌స్కాప్ అనే మండళ్లున్నాయి. రైన్‌లాండ్ మండలి 1255 నాటిది. 1950 ప్రాంతంలో రెండున్నర వేలకు పైగా ఉన్న ఈ మండళ్లు కలిసిపోతూ వచ్చి ఇప్పుడు 21 మిగిలాయి. వీటికి వేరే ఎన్నికలున్నాయి, చివరిసారి 2023 మార్చిలో జరిగాయి. వీటికి సొంతంగా పన్ను వేసే అధికారం ఉంది. ఆ పన్ను రైతు ఒక్కడే కట్టడు. పట్నంలో అపార్ట్‌మెంటులో ఉండేవాడూ కడతాడు, ఎందుకంటే గట్టు తెగితే అతని ఇల్లూ మునుగుతుంది. మన దగ్గర డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్సు వేయడానికి చట్టమే చేశారు, ఆ సెస్సు కథ పెద్దలనడిగితే చెబుతారు. మురుగు కాలువ పక్కన ఆక్వా చెరువు తవ్వినవాడూ, ఆ కాలువలోకి మురుగు వదిలే పట్నమూ, శివారు వరి రైతూ ఒకే మండలిలో కూర్చుని ఖర్చు పంచుకుంటే ఎలా ఉంటుందన్నది నెదర్లాండ్స్‌లో చూడదగ్గ ప్రశ్న.

కాని నన్ను దెబ్బతీసిన సంగతి ఇక్కడ ఉంది. జూలై, ఆగస్టు అక్కడ విరామ కాలం. సమావేశాలూ పత్రాలూ డచ్ భాషలో ఉంటాయి. వాగనింగన్ లాంటి విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషులో మాట్లాడి నెట్టుకురావచ్చు గాని, మండలి సమావేశంలో కూర్చుంటే ఒక్క ముక్క అర్థం కాదు. ఐరోపా దేశాల ఉమ్మడి షెంజెన్ స్వల్పకాల వీసా 90 రోజులకే. ఖర్చు నేపాల్‌తో పోల్చే ప్రసక్తే లేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా వెళ్లగలిగి, పత్రాల ఆధారంగా చేసే పరిశోధన చాలనుకుంటే మాత్రం వెళ్లవచ్చు. పనిలో పనిగా స్పెయిన్‌లోని వాలెన్సియా గురించి అడిగేవారూ ఉంటారు. ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు చర్చి ద్వారం ముందు కాలువల ప్రతినిధులు కూర్చుని నీటి తగాదాలు తీర్చే న్యాయస్థానం అది, 2009లో యునెస్కో గుర్తించింది. చాలా గురువారాలు ఫిర్యాదే ఉండదు, నిమిషాల్లో ముగుస్తుంది. చూసి రావలసినదే గాని, పది వారాలు కూర్చోవలసినది కాదు.

డబ్బు ప్రశ్న ఉన్నవారికి బంగ్లాదేశ్. గ్రామీణ్ బ్యాంకు బృందంలో ఐదుగురు, మన డ్వాక్రాలో పది పదిహేను మంది. అక్కడ బ్యాంకు మనిషే వారం వారం ఊళ్లోకి వస్తాడు, ఇక్కడ సంఘం లీడరు బ్యాంకుకు వెళ్తుంది. కాలం చిక్కు లేదు, ఏ వారం వెళ్లినా సమావేశం దొరుకుతుంది. భాషకు దుబాసీ తప్పదు. వెళ్లేముందు అక్కడి పరిస్థితులు చూసుకోవాలి.

డబ్బు ఇచ్చే పథకాలు, డబ్బు అడిగేవాళ్లు

ఖర్చు వాళ్లే భరించే పథకాల పేర్లు పిల్లలు చాలా చెబుతారు. కెనడాలోని మిటాక్స్ గ్లోబలింక్ 12 వారాలు, డిగ్రీ చదివేవారికి, ఏ విభాగమైనా సరే. జర్మనీ వాళ్ల డాడ్ వైజ్ సైన్సు, ఇంజనీరింగు చదివేవారికి, కాబట్టి ఎమ్మే విద్యార్థులు దాని వెంటపడి కాలం పోగొట్టుకోవద్దు. ఇవన్నీ ప్రొఫెసరు దగ్గర ఉండి చేసే పనులు. లెక్కల విశ్లేషణ నేర్చుకోవడానికి, పై చదువుకు సిఫారసు లేఖకు మంచివే. పల్లెలో కూర్చునే అవకాశం మాత్రం ఆ ప్రొఫెసరు పనిని బట్టి ఉంటుంది. ఆ సంగతి ఒప్పుకునేముందే అడగాలి. నెలనెలా వచ్చే భత్యం కోసమే వెళ్తే తప్పులేదు, అప్పుడు దాన్ని పల్లె పరిశోధన అనుకోవద్దు.

"ఇంటర్న్‌షిప్ ఖాయం, ముందు ఫీజు కట్టండి" అనే మధ్యవర్తుల సంగతి ఒక్క వాక్యంలో చెబుతాను. ఏ ఊళ్లో, ఏ సంఘంతో, ఎవరి పర్యవేక్షణలో అన్న మూడింటికీ రాతపూర్వకంగా జవాబివ్వని వాళ్లకు రూపాయి కూడా ఇవ్వవద్దు.

బయలుదేరేముందు ఒక పని తప్పదు. మీ కాలువనే చూడండి. వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టేసేముందు, దాళ్వా చివరి తడుపుల రోజుల్లో లాకు దగ్గర ఒక వారం కూర్చోండి. లస్కరును పలకరిస్తే "ఏ ఊరు బాబూ?" అని మొదలుపెట్టి మీకు కావలసినదంతా చెబుతాడు. నీటి సంఘం ప్రెసిడెంటుగారినీ, రికార్డుకెక్కని కౌలు రైతునూ, శివారు రైతునూ ముగ్గురినీ కలవండి. 1970ల చివర్లో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు ప్రాంతపు కాలువ గ్రామాల్లో తిరిగి, నీరు పుష్కలంగా ఉన్న ఎగువ ఊళ్లలో కన్నా ఎద్దడి ఉన్న దిగువ ఊళ్లలోనే కట్టుబాట్లు బలంగా ఉన్నాయని చూపించాడు. ఆ సంగతి మీ కాలువకు వర్తిస్తుందో లేదో ఒక పది పేజీల్లో రాయండి. అది మీ దరఖాస్తుకు పునాది.

కిందటేడు మా విద్యార్థిని ఒకతె, నరసాపురం వైపు శివారు ఊరు, నేపాల్‌లో ముగ్గురు పరిశోధకులకు ఈమెయిలు రాసింది. మొదటి ఇద్దరికీ తన మార్కులూ ఆసక్తులూ రాసింది, జవాబు రాలేదు. మూడో లేఖ మొదటి వాక్యం మార్చమన్నాను. "కాలువ వదిలాక మా బోదె చివరి ఎకరానికి నీరు చేరడానికి 11 రోజులు పట్టింది. మీ కులోలో ఎన్ని రోజులు పడుతుంది?" అని మొదలుపెట్టింది. నాలుగో రోజున జవాబు వచ్చింది: రోజుల లెక్క నాకూ తెలియదు, జేఠ్ నెలాఖరులో, అంటే జూన్ మధ్యలో, పూడిక తీస్తాం, అప్పటికి రండి, కలిసి లెక్కపెడదాం.